నలభై ఒకటో పొర

అన్యాయం ఎవరికి జరిగింది, ఏ విధంగా జరిగింది అన్న ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకోవాలి. అన్యాయం కటింగ్ మాస్టరుకు జరిగింది. ఇరవై ఆరేళ్ళు ఒకే బల్ల దగ్గర నిలబడి, తన రక్తంగానీ మరొకరి రక్తంగానీ ఒక్క చుక్క గుడ్డమీద పడనివ్వని మనిషి చేతిలోంచి కత్తి తీసేసుకున్నారు. ఆయన చేసిన నేరమల్లా ఒకటే. మనసుకు జబ్బు చేస్తే దాచుకోనక్కర్లేదని నలుగురూ చెప్పగా నమ్మి, తనకు చేసిన జబ్బు గురించి నలుగురిలో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. మాట్లాడమన్నవాళ్ళూ వాళ్ళే, చప్పట్లు కొట్టినవాళ్ళూ వాళ్ళే, సోమవారంనాడు కత్తి తీసుకున్నవాళ్ళూ వాళ్ళే. వాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఉండి ఉంటే, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో టేపక్కకు తెలిసేది.

ఆయనచేత ఆ మాటలు చెప్పించింది టేపక్కే.

చొక్కాలు కుట్టే ఆ కర్మాగారంలో మూడు హాళ్ళున్నాయి. మొదటి హాల్లో గుడ్డ కోస్తారు, రెండో హాల్లో కుడతారు, మూడో హాల్లో పరీక్షించి, మడిచి, పెట్టెల్లో సర్దుతారు. మూడో హాలుకు టేపక్క పెద్ద. ఆమె ముద్ర పడనిదే ఒక్క చొక్కా గుమ్మం దాటదు. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఒకసారి అలాగే కూరగాయల దుకాణానికి వెళ్తే, సొరకాయను కొలిచి తీసుకుంటుందా అని దుకాణదారు అడిగాడట. ఆ మాట ఎవరు మోసుకొచ్చారోగానీ, ఆనాటినుంచి ఆమె అందరికీ టేపక్క అయిపోయింది, అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ ఏడాది ఆరోగ్య శాఖవారూ, యాజమాన్యమూ కలిసి కర్మాగారంలో 'మనసు వారం' జరపాలని నిశ్చయించారు. గోడలకు ఆకుపచ్చ కాగితాలు అంటించారు. 'మాట్లాడితే తేలిక' అని వాటిమీద పెద్ద అక్షరాలు. ప్రతివాళ్ళ జేబుకూ ఆకుపచ్చ రిబ్బను ముక్క గుచ్చారు. శాఖ తరఫున వచ్చిన డాక్టరమ్మ నిజంగా మంచి మనిషి. భోజనం మానేసి మిషన్ల మధ్య తిరుగుతూ, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని ఒక్కొక్కరినీ అడిగింది. కార్మికుల తరఫున ఈ వారం బాధ్యత టేపక్కకు అప్పగించారు. ఆమె మాట అందరూ వింటారని మేనేజరు చెప్పాడు. అది ముఖస్తుతి కాదు, నిజమే. శనివారం సభలో మనవాళ్ళే ఒకరు లేచి తన సంగతి చెబితే బాగుంటుందని డాక్టరమ్మ కోరింది. బయటివాళ్ళ మాట కాగితంమీదే ఉండిపోతుందని, పక్క బల్లవాడి మాట ఇంటిదాకా వెళ్తుందని ఆవిడ అభిప్రాయం.

టేపక్క మనసు వెంటనే మాస్టరుమీదికి పోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఆయన రెండు నెలలు పనిలోకి రాలేదు. నడుం నొప్పని అందరికీ చెప్పారు. మంచం దిగలేక, గోడవైపు తిరిగి, స్నానానికి కూడా లేవకుండా పడుకున్న సంగతి ఆయన భార్యకూ టేపక్కకూ మాత్రమే తెలుసు. ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఈ ఆడవాళ్ళిద్దరే. అప్పటినుంచి రోజుకొక మాత్ర వేసుకుంటున్నాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన కోసిన గుడ్డను పరిస్తే ఊరిని రెండుసార్లు చుట్టి రావచ్చు.

టీ విరామంలో ఆమె ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది. కత్తి తగలకుండా ఎడమచేతికి తొడుక్కునే ఇనప తొడుగును ఆయన విప్పి, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు.

"నేనెందుకు చెల్లెమ్మా," అన్నాడు విన్నాక. "నాకు గుడ్డ కొయ్యడమేగాని కోతలు కొయ్యడం రాదు."

"కోతలెవరు కొయ్యమన్నారన్నయ్యా. జరిగింది జరిగినట్టు చెప్పండి. మీరొక్కరు చెబితే పదిమంది బయటపడతారు."

"ఆ ఒక్కరూ నువ్వే కావచ్చుగా."

ఆ మాట ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. దారి చెప్పేవాడు ఇటు కూడా ఒక సందుంది అన్నట్టుగా అన్నాడు. టేపక్క మెడలో టేపును చుట్టుకుంటూ, తనదెప్పుడో పాత సంగతని, ఇప్పుడది ఎవరికి పనికొస్తుందని అంది. ఆయన మళ్ళీ అడగలేదు. గ్లాసు కింద పెట్టి, సరే, చెబుతానన్నాడు.

ఆ పాత సంగతి ఇది. పందొమ్మిదేళ్ళ కిందట ఆమె మొదటి హాల్లో, ఈయన బల్ల దగ్గరే, నంబర్లు అంటించే పనిలో ఉండేది. తానులు విప్పి బల్లమీద పొరమీద పొరగా వంద పొరలు పరిచి, అన్నిటినీ ఒక్క కత్తివేటుతో కోస్తారు. కోసిన ప్రతి ముక్కమీదా అది ఎన్నో పొరలోదో ఒక చిన్న చీటీ అంటించాలి. రంగు ఒకటే అయినా తానుకూ తానుకూ ఛాయ మారుతుంది గనక, ఏడో పొర వీపుకు ఏడో పొర చేతులే కలవాలి. చీటీ తప్పితే చొక్కా తప్పినట్టే.

అప్పటికి ఆమె రెండో బిడ్డను కని మూడు నెలలైంది. నిద్ర పూర్తిగా పోయింది. బిడ్డ ఇంట్లో ఉన్నా ఏడుపు మిషన్ల చప్పుడులో వినబడేది. చేతులు కడిగినకొద్దీ కడగాలనిపించేది. ఎవరితోనూ చెప్పలేదు, చెబితే పిల్లను తన దగ్గర ఉంచరని భయం. ఒక రోజు, నీలం గుడ్డ లాటులో, నలభై ఒకటి అన్న చీటీని చేతుల ముక్కలున్న ఒక కట్టలో రెండుసార్లు అంటించింది. ఆపైన ఆ కట్టలో ప్రతి నంబరూ ఒక్కటి చొప్పున వెనక్కి జరిగింది. చేతులు ఒక తానువి, వీపు ఇంకో తానుది. హాలు దీపాల వెలుగులో అది ఎవరి కంటా పడలేదు. కొన్నవాళ్ళు ఎండలో విప్పి చూసి మొత్తం లాటును, మూడు వందల నలభై చొక్కాలనూ, తిప్పి పంపారు.

విచారణ జరిగిన రోజున ఆమె నోరు పెగల్లేదు. పెగిలితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. మాస్టరు ముందుకు వచ్చి, ఆ కట్టకు చీటీలు తానే అంటించానని, పొరపాటు తనదేనని సంతకం చేశాడు. కత్తి తీసేసి ఒక ఏడాదిపాటు ఆయనచేత తానులు మోయించారు, గుడ్డ పరిపించారు. తన దగ్గర పని నేర్చుకున్నవాడు కోస్తూ ఉంటే ఆయన అటు కొస పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడాదిలో ఆమె మెల్లగా తేరుకుంది. ఎందుకలా చేశారని అడిగితే, అప్పుడు నిన్ను అడిగితే ఏమైపోయేదానివో నీ మొహంలో కనబడింది అన్నాడు. ఆ తరువాత ఇద్దరూ ఆ ప్రస్తావన తేలేదు.

శనివారం సభలో మాస్టరు కాగితం లేకుండా మాట్లాడాడు. తనకు చావాలని అనిపించలేదని, లేవాలని మాత్రం అనిపించలేదని, ఆ రెండిటికీ తేడా అప్పట్లో తెలియలేదని చెప్పాడు. మాత్ర వేసుకుంటున్నానని, కళ్ళజోడు పెట్టుకున్నంత మామూలుగా అయిపోయిందని చెప్పాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. కుట్టు హాల్లో ఒక పిల్ల ఏడ్చింది. మేనేజరు వేదికమీదికి ఎక్కి ఆయన్ను కౌగిలించుకున్నాడు. ఆ ఫొటోనే తరువాత పెద్దదిచేసి గేటు పక్కన గోడకు పెట్టారు.

సోమవారం ఉదయం మాస్టరు బల్ల దగ్గరికి వచ్చేసరికి కత్తి మిషను దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు.

ఆయన్ను గుండీల గదికి మార్చారు. మూడో హాలు వెనక, కిటికీ ఎత్తుగా ఉన్న చిన్న గది అది. సంచుల్లో వచ్చే గుండీలను రంగులవారీగా, రంధ్రాలవారీగా ఏరి డబ్బాల్లో పొయ్యాలి. జీతంలో ఏమీ తగ్గించలేదు. కుర్చీలో మెత్త కూడా వేయించారు.

టేపక్క మేనేజరు గదికి వెళ్ళింది. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఇది శిక్ష కాదని, మాస్టరంటే తనకు తండ్రితో సమానమని, అందుకే ఆయనకు ప్రమాదం లేని చోట పెట్టామని వివరించాడు. ఇన్నాళ్ళూ తెలియదు గనక సరిపోయింది, ఇప్పుడు తెలిసింది. మందు వాడే మనిషి కత్తి దగ్గర ఉండగా ఏదైనా జరిగితే బీమావాళ్ళు పైసా ఇవ్వరు. తొమ్మిదేళ్ళుగా మందు వాడుతూనే కోశాడు కదా అని ఆమె అడిగింది. అవునమ్మా, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది అన్నాడతను. ఆ జలదరింపు నటన కాదు.

ఆపైన అతను ఒక పాత ఫైలు తెరిచి ఆమెవైపు తిప్పాడు.

"ఇది చూడండక్కా. పందొమ్మిదేళ్ళ కిందటే మూడు వందల నలభై చొక్కాలు చెడగొట్టారు. ఆయన సంతకమే. అంటే ఆ జబ్బు అప్పటికే ఉందన్నమాట. పాపం, ఎవరూ కనిపెట్టలేదు."

ఆమె ఆ కాగితంవైపు చూసింది. ఆ చీటీలు తానంటించినవని చెప్పకుండానే, ఆమె టేపు సర్దుకుని బయటికి వచ్చేసింది. ఈ రెండో తప్పు చేసేనాటికి ఆమెకు నిద్రలేమి లేదు, జబ్బు లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తరువాత ఆమె డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆవిడ నొచ్చుకుంది, నిజంగానే నొచ్చుకుంది. మాస్టరు ఏ పనికైనా తగినవాడేనని అప్పటికప్పుడు సర్టిఫికెట్టు రాసిచ్చింది. ఆ సర్టిఫికెట్టు బీమా కార్యాలయానికి వెళ్ళి రెండు వారాలకు ఒక ఉత్తరమై తిరిగి వచ్చింది. రోగి పేరు, జబ్బు పేరు, మందు పేరు, మూడూ టైపు చేసి ఉన్నాయి. అంతవరకూ నోటిమాటగా ఉన్నది దానితో కాగితంమీదికి ఎక్కింది. గతంలో అజాగ్రత్త నమోదై ఉన్నందువల్ల మినహాయింపు పరిశీలించలేమని కింద ఒక వాక్యం. మచ్చలేని చరిత్ర ఉంటే పట్టుబట్టి అడిగేదాన్నని డాక్టరమ్మ అంది. మనసు వారం జరిపిన శాఖ కార్యాలయంలో అడిగితే, సంస్థల లోపలి వ్యవహారాల్లో తాము కలగజేసుకోలేమని, కాకపోతే వచ్చే ఏడాది కాగితాలమీద మాస్టరు ఫొటో వేసుకోవడానికి అనుమతి కావాలని ఒక ఫారం ఇచ్చారు.

ఈలోగా హాళ్ళలో మాస్టరు చేతులవైపు చూడటం మొదలైంది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. టీ గ్లాసు అందించేటప్పుడు రెండు చేతులతో అందించేవారు. ఆయన హాల్లోకి రాగానే నవ్వులు ఆగి, అందరి మొహాల్లోనూ జాలి ప్రత్యక్షమయ్యేది. ఎగతాళి చేసేవాళ్ళుంటే తిరిగి ఒక మాట అనవచ్చు. జాలిపడేవాళ్ళకు థాంక్స్ చెప్పాలి. మూడో వారానికి ఆయన కుడిచెయ్యి నిజంగానే వణకసాగింది. చూశారా, మనం తీసింది మంచికే అయింది అని మేనేజరు ఎవరితోనో అన్నాడు.

ఆదివారం టేపక్క వాళ్ళింటికి వెళ్ళింది. మాస్టరు వెనక గదిలో పడుకుని ఉన్నాడు. పగలు పడుకోవడం ఆయనకు అలవాటు లేదు. భార్య వంటింటి గట్టుమీద గిన్నెలు తుడుస్తోంది.

"రా అమ్మా, ఆడపడుచువి, కట్నాలేమీ పెట్టలేను, కూర్చో," అంది. వేళాకోళపు మాటే, కానీ గొంతులో నవ్వు లేదు.

"ఎలా ఉన్నారు వదినా?"

"గుండీలు ఏరుతున్నారు. ఇంట్లో కూడా. నిన్న నా చీరెల పెట్టెలోంచి పాత గుండీలు తీసి, నాలుగు రంధ్రాలవి ఒకవైపు, రెండు రంధ్రాలవి ఒకవైపు పెట్టారు." ఆవిడ గిన్నె బోర్లించింది. "తొమ్మిదేళ్ళ కిందట నువ్వు లేకపోతే ఈయన లేరు. అది నేను మర్చిపోను. కాకపోతే ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నడుం నొప్పి అన్న మాట వల్ల ఎవరికేం నష్టం జరిగిందమ్మా? మీరంతా కలిసి దాన్నెందుకు చెరిపారు?"

ఆకుపచ్చ కాగితాలమీద ఉన్న జవాబులన్నీ టేపక్కకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటి కూడా ఆ వంటింట్లో పలకడానికి పనికొచ్చేది కాదు. ఫైల్లో ఉన్న కాగితం సంగతి చెబుదామనుకుంది. గ్లాసుడు మంచినీళ్ళు తాగి, వదిన చేతిని ఒకసారి పట్టుకుని, వచ్చేసింది.

నెలాఖరున శాఖవాళ్ళు మళ్ళీ వచ్చారు. మానసిక ఆరోగ్యంపట్ల చిన్నచూపు లేని కార్యస్థలమని ఆ కర్మాగారానికి ప్రశంసాపత్రం ప్రకటించారు. అందుకోవడానికి టేపక్కను పిలిచారు. మొదటి వరుసలో, మెత్త కుర్చీలో, మాస్టరును కూర్చోబెట్టారు. పత్రం చేతికివ్వబోతుంటే ఆమె చెయ్యి చాపలేదు. మైకు ముందుకు జరిగింది. ఏం మాట్లాడాలో ఆలోచించుకుని రాలేదు. చీటీలు అంటించినట్టు ఒక్కొక్క ముక్కే చెప్పుకుంటూ పోయింది.

"పందొమ్మిదేళ్ళ కిందట నీలం చొక్కాలు తిరిగొచ్చాయి. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నలభై ఒకటో పొర చీటీ రెండుసార్లు అంటించింది నేను. మాస్టరుగారు కాదు. బిడ్డను కన్నాక నాకు మతి సరిగా లేదు. అప్పుడు నాకు లేని ఏడుపులు వినబడేవి. ఆయన నాకోసం సంతకం పెట్టారు, ఒక ఏడాది తానులు మోశారు. ఇప్పుడు ఆ సంతకాన్నే చూపించి ఆయన్ను పనికిరానివాడంటున్నారు. ఆయన ఫైలు తప్పు. అది నా ఫైలు. అందులో నా పేరు రాయండి."

ఈసారి చప్పట్లు మోగలేదు. ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. మేనేజరు మైకు అందుకుని, ఇంత ధైర్యంగా మాట్లాడినందుకు అక్కకు అభినందనలని, ఇదే మనసు వారం ఫలితమని అన్నాడు. ప్రశంసాపత్రం అతనే అందుకున్నాడు. వెనక వరుసలో ఒక ముసలి కుట్టుపనావిడ మాత్రం, ఆ చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టింది మేమేనని పక్కవాడితో అంది. ఆవిడ మాట హాలంతా వినబడింది.

సోమవారం టేపక్క ముద్రను తీసుకున్నారు. మూడో హాలు బాధ్యత ఒత్తిడితో కూడినదని, ఇన్నేళ్ళూ ఆ ఒత్తిడి ఆమెమీద పెట్టినందుకు బాధగా ఉందని మేనేజరు అన్నాడు. ఒక ఏడాదిపాటు గుండీల గదిలో తేలికగా ఉండమన్నాడు, తరువాత చూద్దామన్నాడు. ఆమె వాదించలేదు. ఏడాది అన్న మాట విని తల ఊపింది.

రెండు వారాల తరువాత ఒక బుధవారం పగలు రెండు గంటలకు మేనేజరే స్వయంగా గుండీల గదికి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి. బీమావాళ్ళు జవాబు రాశారు. పాత నమోదు తప్పన్న మాట గమనించామని, అయినా మందు వాడే వ్యక్తిని కత్తి దగ్గర ఉంచరాదన్నది సాధారణ నియమం గనక దాన్ని మార్చలేమని. తన చేతుల్లో ఏమీ లేదని మేనేజరు అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో కాగితం ఫైలుకు సంబంధించినది. మాస్టరు పేరు కొట్టేసి, టేపక్క అసలు పేరు పూర్తిగా రాసి ఉంది. ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఆమె వెంటనే చేసింది. అతను పెన్ను బల్లమీద ఉంచి, తరువాత పంపించండని వెళ్ళిపోయాడు.

మాస్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"కత్తి రాదని తెలిసే చెప్పావా చెల్లెమ్మా?"

"మొదట్లో వస్తుందనుకున్నాను. చెప్పే రోజుకు, మీ చెయ్యి వణకడం చూశాక, రాదని తెలుసు."

"మరెందుకు? నీ హాలు కూడా పోయింది."

"అది మీది కాదన్నయ్యా. నాది. ఇన్నేళ్ళూ మీ మెడకు చుట్టి ఉంచాను. ఆ రోజు ఫైలు చూపించినప్పుడు కూడా తియ్యలేదు."

కిటికీలోంచి పడే ఎండ బల్లమీది గుండీలను దాటి నేలమీదికి జారింది. ఆయన పెన్ను తీసుకుని, అక్షరం అక్షరంగా, వంకర పోకుండా ఉండేందుకు మధ్యమధ్య ఆగుతూ, సంతకం పూర్తిచేశాడు.

"నువ్వు నాకు బాకీ ఉన్నావని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు. "నువ్వు అనుకున్నావు గనక చెబుతున్నాను. ఇక లేవు."

ఆయన కాగితాన్ని ఆమెవైపు జరిపాడు. ఆమె ఆ రెండు సంతకాలనూ చూసుకుంది. మచ్చ ఆయన పేరు మీదనుంచి తొలగి ఆమె పేరు మీదికి వచ్చింది. ఏడాదికి ఏడాది లెక్క కుదిరింది. ఇద్దరిలో ఎవరికీ ఏదీ తిరిగి రాలేదు. బాకీ మాత్రం ఆ పగలు, ఆ గదిలో, ఏ మిగులూ లేకుండా తీరిపోయింది.